మామ్మగారి కటుకరోహిణి

ఆ రోజుల్లో మా కోనసీమలో "వద్దు" అనే మాట నిఘంటువులో తప్ప ఇంకెక్కడా దొరికేది కాదు. ఎవరింటికి వెళ్ళినా, ఏం పెట్టినా "బాగుందండీ" అనాలి. అన్న పాపానికి మళ్ళీ వడ్డిస్తారు. అదీ తిని "చాలా బాగుందండీ, ఆయ్" అనాలి. ఈ మర్యాద పుణ్యమా అని ఎంతమంది అజీర్తితో మంచం పట్టారో తెలియదు గానీ, మాట తూలినవాళ్ళు మాత్రం లేరు. నేనూ అంత పద్ధతిగానే పెరిగాను. అందుకే ఇరవై రెండేళ్ళ వయసులో నా నోటితో నేనే నా నాలుకకు ఏడాది శిక్ష వేయించుకున్నాను.

తొంభైల మధ్యలో డిగ్రీ పాసై, అమలాపురం పక్కన ఓ ప్రైవేటు బడిలో లెక్కల టీచరుగా చేరాను. (ఇంగ్లీషు మీడియం అని బోర్డు మీద ఉండేది. బోర్డు మీదే ఉండేది.) కింద బడి, మేడ మీద కరస్పాండెంట్ గారి కాపురం. ఆయన తల్లిని బడంతా మామ్మగారు అనేవాళ్ళం. పాఠాలు ఎవరెలా చెబుతున్నారో చూసేది ఆయన, వేసవి సెలవుల ముందు ఎవరిని ఉంచాలో చెప్పేది ఆవిడ అని చేరిన రోజే ఆయా నా చెవిన వేసింది. (మామ్మగారు ఏనాడూ తరగతి గదిలో అడుగు పెట్టలేదు. అంతటి అనుభవశాలికి ఆ అవసరం లేదనుకుంటాను.) నాకేమో ఆ ఉద్యోగం నిలవాలి. పోతే రాజోలు వెళ్ళి మా వదిన ఎదుట కూర్చోవాలి. బయల్దేరేటప్పుడే ఆవిడ "అంత పెద్ద పెట్టె దేనికమ్మాయ్, మళ్ళీ మోసుకురావద్దూ" అని దీవించి పంపింది.

చేరిన కొత్తలోనే మేడ మీద భోజనానికి పిలిచారు. గుత్తివంకాయ కూర మూడుసార్లు వేసుకున్నాను. (వేశారు అనడమే న్యాయం.) చెయ్యి కడుక్కున్నాక నేను ఆయాసపడటం మామ్మగారి కంట పడింది. లోపలికెళ్ళి ఎండుపుల్లల్లాంటి నల్లటి వేరుముక్కలు తెచ్చి చూపించారు.

"ఇది కటుకరోహిణమ్మా. కడుపు బరువెక్కినా, ఆకలి చచ్చిపోయినా మా అమ్మమ్మగారి కాలం నించీ ఇదే మందు. కాస్త శొంఠి చేర్చి నూరి, నాలుగు గ్లాసుల నీళ్ళు ఒక గ్లాసయ్యేదాకా కాయాలి. ఈ మాత్రం దానికి డాక్టరెందుకు?" అంటూ అప్పటికే కాచి ఉంచిన కషాయం సగం గ్లాసు చేతిలో పెట్టారు.

నోట్లో పోసుకున్నాను. దాని ముందు కాకరకాయ కజ్జికాయతో సమానం. ఆ చేదు నాలుక దగ్గర ఆగకుండా చెవుల దాకా పాకింది. ఎదురుగా మామ్మగారు, పక్కన కరస్పాండెంట్ గారు, మనసులో మా వదిన. "ఎలా ఉందమ్మా?" అన్నారావిడ. "చాలా బాగుందండీ, ఆయ్" అన్నాను.

మామ్మగారి కళ్ళు చెమర్చాయి. "విన్నావా అబ్బాయ్? ఇన్నేళ్ళుగా కాస్తున్నాను, బాగుందన్నది ఈ పిల్లొక్కత్తే" అన్నారు కొడుకుతో. ఆయన నావైపు జాలిగా చూశారు. ఎందుకో మర్నాడు తెలిసింది. మధ్యాహ్నం భోజనాల బెల్లు అయ్యేసరికి ఆయా మూతపెట్టిన స్టీలు గ్లాసుతో ప్రత్యక్షం. ఆ రోజు నుంచీ ఆదివారాలు తప్ప నాగా లేదు. పారబోద్దామంటే కిటికీ కింద మామ్మగారి తులసికోట. తాగాక నా మొహం చూసిన పిల్లలు ఆ మధ్యాహ్నమంతా ఒక్క లెక్క తప్పు చేసేవారు కాదు. పాపం, ఆ వేరు తన పని తాను చేసేది. ఆకలి దంచేసేది. అందుకని ఇంకా తినేదాన్ని. తింటున్నానని ఇంకా పోసేవారు.

ఇలా ఉండగా బడికి గుర్తింపు ఇవ్వాలా వద్దా అని చూడటానికి ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. గుర్తింపు రాకపోతే బడే ఉండదు, ఇక నా ఉద్యోగం సంగతి చెప్పేదేముంది. ఆయన తరగతులు పది నిమిషాలు చూసి, భోజనం దగ్గర గంటన్నర కూర్చున్నారు. (ఆయన్ని అని లాభం లేదు. "ఇంకొక్క బొబ్బట్టండీ" అని చుట్టుముడితే ఎవరు మాత్రం లేవగలరు.) చివరికి కుర్చీలో వెనక్కి వాలి, కాగితాల మీద కలం పెట్టబోతూ, "కాస్త కడుపు బిగిసినట్టుందండీ" అన్నారు. అంతే, మామ్మగారు గ్లాసుతో వచ్చేశారు. కరస్పాండెంట్ గారి మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఇన్‌స్పెక్టరు గారు వాసన చూసి, "ఇది తాగొచ్చంటారాండీ?" అన్నారు.

"మా లెక్కల టీచర్నడగండి బాబూ. రోజూ ఇష్టంగా తాగుతుంది" అన్నారు మామ్మగారు.

అందరూ నావైపు తిరిగారు. నిజం చెబితే మామ్మగారితో చెడుతుంది, అబద్ధం చెబితే రెండు నిమిషాల్లో ఆయనకే తెలిసిపోతుంది. ఎటు చూసినా రాజోలు బస్సే కనబడింది. "చాలా బాగుంటుందండీ, ఆయ్" అన్నాను.

ఆయన ఒక్క గుక్కలో తాగేశారు. కనుబొమలు ముడిపడ్డాయి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కుర్చీ చేతులు బిగించి పట్టుకున్నారు. నేను మనసులో పెట్టె సర్దేసుకున్నాను. అయితే ఆయనా మా గోదావరి మనిషే, ద్రాక్షారామం. గొంతు సవరించుకుని "చాలా... బాగుందండీ" అన్నారు. ఆ మాట పూర్తయ్యేలోగా మామ్మగారు రెండోది పోసేశారు. అదీ మింగి, మూడోది వస్తుందన్న భయంతో కాబోలు, గబగబా సంతకాలు పెట్టేసి జీపెక్కారు.

జీపు మలుపు తిరిగాక మామ్మగారు మెట్టు మీద కూలబడి అరచేతులు నొక్కుకుంటూ నన్ను పిలిచారు. "నిన్ను ఉంచమని అబ్బాయితో చెప్పేనమ్మా" అన్నారు. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది. ఆవిడ కాస్త మొహమాటపడి, "ఒక్క మాటే తల్లీ. ఇకనించి రోజు విడిచి రోజు తాగితే నీకేమన్నా ఇబ్బందా? నూరలేక నా రెక్కలు పడిపోతున్నాయి. నీకంత ఇష్టమని మానలేకపోయేను" అన్నారు.

"మీరూ తాగుతారు కదండీ?" అన్నాను.

"నేనా? ఆ చేదెవరు తాగుతారే" అన్నారు మామ్మగారు.

ఇప్పుడు నేనే ఓ బడికి హెడ్మిస్ట్రెస్‌ని. మామ్మగారు పోయి చాలా కాలమైంది, ఆవిడ మందు నూరిన కల్వం మాత్రం నా దగ్గరుంది. మొన్న భోజనానికి పిలిచిన కొత్త టీచరమ్మాయి పొట్ట పట్టుకుంటే సగం గ్లాసు కాచి ఇచ్చాను. తాగి, కళ్ళు గట్టిగా మూసి తెరిచి, "చాలా బాగుంది మేడమ్" అంది. (ఆయ్ అనలేదు. రోజులు మారాయి.) శుద్ధ అబద్ధమని మొహమే చెబుతోంది. అయినా ఇన్నేళ్ళకు ఆ మాట వినేసరికి నా కళ్ళు చెమర్చాయి. ఇంకో సగం గ్లాసు పోశాను.