తూటాల గదిలో తడి

కొత్త జిల్లాలు ఏర్పడ్డాక వచ్చిన రెండో వానాకాలంలో నన్ను వనపర్తి నుంచి గద్వాలకు విచారణ పని మీద పంపారు. అప్పుడు నేను ఒక సాయుధ దళంలో ఆర్మరర్ సబ్ ఇన్‌స్పెక్టర్‌ని. ఆర్మరర్ అంటే తుపాకులు బాగుచేసేవాడని అందరికీ తెలుసు. తూటాలు చెడిపోకుండా చూడటమూ అతని పనేనని చాలామందికి తెలియదు. తుపాకీ చెడిపోతే చూడగానే తెలుస్తుంది. తూటా సంగతి ట్రిగ్గర్ నొక్కేదాకా బయటపడదు.

గద్వాలలో మా దళానికి అప్పటికి సొంత భవనం లేదు. పట్నంలో అద్దెకు తీసుకున్న పాత ఇంట్లో వెనక గదిని తూటాలకు వాడుతున్నారు. ఫైరింగ్ ప్రాక్టీసుకు ఆ గది నుంచి వెళ్లిన తూటాల్లో చాలా మిస్‌ఫైర్ అయ్యాయి, అంటే పిన్ను కొట్టినా పేలలేదు. ఒకటి మాత్రం ఆలస్యంగా పేలింది. కానిస్టేబుల్ నేర్పినట్టే తుపాకీని లక్ష్యం వైపు పట్టుకుని ఆగాడు కాబట్టి సరిపోయింది. తొందరపడి ఛాంబర్ తెరిచి ఉంటే మొహం మీదే పేలేది.

గది బాధ్యత హెడ్ కానిస్టేబుల్ ఖాజామియాది. మానవపాడు దగ్గరి పల్లె మనిషి. ఆ నెలాఖరుకు రిటైర్ కావాలి. నిర్లక్ష్యం చేశాడని అతనికి మెమో ఇచ్చారు, నా నివేదిక రాగానే సస్పెండ్ చేసేట్టున్నారు. సర్వీసు చివర్లో సస్పెన్షన్ పడితే పెన్షన్ ఆగుతుంది, పరువు పోతుంది, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరగాలి. అందుకే జీపులో కూర్చున్నంతసేపూ నా కాలు ఆడుతూనే ఉంది. బీచుపల్లి వంతెన మీద డ్రైవర్ టీకి ఆపమంటారా అని అడిగితే, పోనివ్వమని కసిరాను.

గది చూశాక నా తొందర ఇంకా పెరిగింది. ఎందుకంటే అక్కడ తప్పు కనిపించలేదు. పెట్టెలు నేలను తాకకుండా చెక్క దిమ్మెల మీద ఉన్నాయి. గోడకూ పెట్టెలకూ మధ్య మనిషి పట్టేంత సందు వదిలారు. పాత సరుకు ముందు వరసలో, కొత్తది వెనక ఉంది. బయటి గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు తలుపు తీయకూడదన్నది మా నియమం. ఖాజామియా అదీ పాటించాడు. పెట్టెల్లో తేమ పీల్చే సిలికా జెల్ సంచులున్నాయి. పొడిగా ఉంటే నీలంగా, తడి పీల్చుకుంటే గులాబీ రంగులో ఉండే గుళికలవి. అన్నీ గులాబీ రంగులోనే ఉన్నాయి. సీలు విప్పిన పెట్టెల్లో ఇత్తడి తూటాల మీద పచ్చగా చిలుం పట్టింది.

"సంచులు ఎండబెట్టి పెడుతనే ఉన్న సార్. రెండు దినాలకే మల్ల గట్లనే అయితున్నయి. నోటితోని చెప్పిన, ఎవరు ఇనలే" అన్నాడు ఖాజామియా.

అక్కడి రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ నన్ను పక్కకు పిలిచాడు. గది ముందు వరండాలో కొమ్ము ఉన్న చెంబొకటి చూపించాడు. నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి ఖాజామియా వాడే చెంబు అది. "రోజు నీళ్లు పోస్తడు, ఆ గడప పక్కన్నే. ఇంక తడి యాడికెల్లి వస్తది?" అన్నాడు. క్యాంపులో అప్పటికే అందరూ ఆ మాటే అనుకుంటున్నారు. నాకు ఒళ్లు మండింది. మండినా అది జవాబు కాదు కదా. ఆ చెంబును నిండా నింపి గడప ముందే ఒంపాను. నీళ్లు వాలు పట్టుకుని నేరుగా వీధి కాలువలోకి పోయాయి. గడప లోపలికి చుక్క రాలేదు. ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకున్నాడు.

పైకప్పు ఎక్కి చూశాను, గోడలు తట్టి చూశాను. ఎక్కడా చెమ్మ లేదు. ఇక మిగిలింది నేల. షాబాద్ బండల మీద అక్కడక్కడా ప్లాస్టిక్ కాగితాలు పరిచి, అంచులు టేపుతో అంటించాను. కింది నుంచి తడి వస్తే కాగితం అడుగున నీటి బొట్లు కడతాయి. తెల్లారేదాకా ఆగాలి. నాకు ఆగడమంటే శిక్ష. అన్నం సహించలేదు, కాలుగాలిన పిల్లిలా వరండాలో తిరిగాను. ఖాజామియా మాత్రం కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు. అతన్ని చూస్తే నాకు మరింత పరేషాన్ అయింది.

పొద్దున చూస్తే గోడల పక్కన పరిచిన కాగితాలు పొడిగా ఉన్నాయి. గది మధ్యలో ఒకే వరసలో ఉన్న మూడింటి అడుగున మాత్రం బొట్లు కట్టాయి. ఇంటి యజమాని పద్మమ్మను పిలిచి, ఈ గదిలో ముందు ఏముండేదని అడిగాను.

"మగ్గాలుండె సారు, గుంత మగ్గాలు. మా మామ కాలంల మూడు నడుస్తుండె. కాళ్లు పెట్టి తొక్కెతందుకు గుంతలుంటయి. మీరు కిరాయికి వస్తమంటే రేగడి మట్టి వోసి పూడ్పిచ్చి బండలేసినం."

"ఆ గుంతల్లో తడి ఉండేదా?"

"ఉండాలె కద సారు! పోగు ఎండితే పటుక్కున తెగుతది. గందుకే ఈ అర్ర ఏరి కట్టుకున్నరంట, ఎండకాలం గూడ సల్లగుంటది" అని, నా మొహం చూసి భయపడి, "గిప్పుడు ఖాళీ చేస్తరా ఏంది?" అని అడిగింది.

బండలు లేపించాను. కింద నల్లరేగడి ముద్దలా ఉంది. చీరల కోసం తడి నిలిచేలా కట్టుకున్న గదిలో మేం తూటాలు పెట్టాం. నియమం ప్రకారం తలుపు మూసి ఉంచడంతో నేలలోంచి వచ్చిన తేమ బయటికి పోయే దారి లేక పెట్టెల్లో చేరింది. అదే నివేదికలో రాశాను. మెమో రద్దయింది. చెడిన సరుకును నాశనం చేయడానికి డిపోకు పంపారు, మిగతాది వేరే ఇంట్లోకి మార్చారు. పద్మమ్మ కిరాయి పోయింది. ఖాజామియా నెలాఖరున అనుకున్న రోజే రిటైరయ్యాడు.

రద్దు ఉత్తర్వు నేనే తీసుకెళ్లి ఇచ్చాను. సంతోషిస్తాడనుకున్నాను. చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నేలది తప్పని తేలింది, మంచిదే సార్. మరి నేలల గుంతలు లేకుంటే? తప్పు నాదే అయితుండెనా?"

కారణం దొరికింది కాబట్టి అతను బయటపడ్డాడు. దొరకకపోయి ఉంటే ఆ చెంబే కారణమయ్యేది, నేనూ ఆపలేకపోయేవాణ్ని. ఆ తర్వాత నా సర్వీసులో ఎన్నో గదులు తనిఖీ చేశాను. కారణం తెలియని చోట 'తెలియలేదు' అని రాసి సంతకం పెట్టాను. పై అధికారులు రెండుసార్లు దానికి సంజాయిషీ అడిగారు. అప్పుడూ అదే రాశాను.