బొంగరం దాచుకున్న గానుగ

మా కింది వాటాలో ఉండే బొంగరం ఎవరినీ ఊరికే నమ్మడు. పాలప్యాకెట్టును కూడా ఒకసారి అరచేతిలో తూచి చూసి గానీ లోపలికి తీసుకెళ్ళడు. ఇళ్ళకూ ఆఫీసులకూ రబ్బరు ఫ్లోరింగు పరిచే పని అతనిది. మోకాళ్ళ మీద పాకుతూ, చుట్ట దొర్లిస్తూ, బ్లేడుతో అంచులు కోస్తూ బతుకంతా నేల మీదే గడిపాడు. వయసులో ఉండగా డాన్సు చేస్తూ అదే నేల మీద తలకిందులుగా గిరగిరా తిరిగేవాడు గనుక ఆ పేరు. ఇప్పుడు ఇంట్లోవాళ్ళూ అలాగే పిలుస్తారు. కోపం వస్తే మాత్రం భార్య "తాడు లేకుండా తిరిగే బొంగరం" అంటుంది.

ఒక థియేటరులో స్టేజీ మీద నేల పరచడానికి వెళ్ళిన రోజు సాయంత్రం, మెట్లెక్కి నా గదికి వచ్చాడు.

"మాస్టారూ, వాళ్ళు హిప్ హాప్ డాన్సు పుట్టుక మీద ప్రదర్శన తయారు చేస్తున్నారంట. ఎక్కడ మొదలైంది, ఎవరు మొదలెట్టారు, మన వీధుల దాకా ఎలా వచ్చింది, అంతా ఆడి చూపిస్తారంట."

"మంచిదేగా!"

"మంచిదే. నేను పాత డాన్సర్నని ఎవడో చేరవేశాడు. ఆ డైరెక్టరమ్మ 'అంకుల్, మీ అప్పటి స్టెప్పులు చూపించండి' అని టీ తెప్పించింది. టీలో పంచదార మామూలు కంటే ఎక్కువుంది. అనుమానం రాదా, మీరే చెప్పండి."

ఆ డాన్సు పుట్టుక గురించి నేను కొంత చదివాను. పాటలో మాటలు ఆగి డ్రమ్ములు మాత్రమే మోగే చిన్న ముక్క ఉంటుంది. అమెరికా పేదవాడల పార్టీల్లో రికార్డులు తిప్పేవాడు ఆ ముక్కనే మళ్ళీ మళ్ళీ వేసి సాగదీస్తే, దానికోసమే కాచుక్కూర్చున్న కుర్రాళ్ళు మధ్యలోకి దూకేవారట. అదంతా వీడియో క్యాసెట్లలో చూసి బొంగరమూ, వాళ్ళన్నా అట్టపెట్టెలు విప్పి పరుచుకుని నేర్చుకున్నారు. ఆ ఆటలో ఒక కట్టుబాటుంది. ఒకడి అడుగును ఇంకొకడు ఎత్తుకుపోతే వాడి మొహం ఎవరూ చూడరు.

వాళ్ళన్న సొంతంగా కనిపెట్టిన అడుగు పేరు గానుగ. ఒక అరచెయ్యి నేలకు ఆనుతుంది. మోచెయ్యి పొట్ట పక్కన గుచ్చుకుని ఒళ్ళంతటినీ మోస్తుంది. కాళ్ళు నేలకు తగలకుండా మనిషి గానుగెద్దులా ఆ చేతి చుట్టూ తిరుగుతాడు. బయటివాళ్ళు అడిగితే అన్నదమ్ములిద్దరూ దొంగ గానుగ నేర్పేవారు: చెయ్యి భుజానికి ఎదురుగా, ముందుకు చాచి పెట్టమనేవారు. అలా పెట్టినవాడు పోటీలో బోర్లా పడేవాడు. దొంగ ఎవరో అక్కడే తెలిసిపోయేది.

ఆ అన్న పెళ్ళి కాకుండానే కామెర్లతో పోయాడు. ఇల్లూ లేదు, పిల్లలూ లేరు. లోకంలో ఆయనది అని చెప్పడానికి గానుగ ఒక్కటే ఉంది. అది ఎవరి పేరో తగిలించుకుని స్టేజీ ఎక్కేస్తే ఆయన రెండోసారి పోయినట్టేనని బొంగరం భయం.

"మరి చూపించావా?" అన్నాను.

"చూపించా. దొంగదే." కళ్ళు చిన్నవి చేసి నవ్వాడు.

ఆ తర్వాత థియేటరులో జరిగే ప్రతిదీ అతనికి కుట్రగానే కనిపించింది. నేల పరచడం అయిపోయినా ఏదో వంక పెట్టుకుని వెళ్ళేవాడు. ఇతన్ని చూడగానే వాళ్ళు పాట ఆపేసేవారట. రిహార్సల్ గది కిటికీ అద్దాలకు పాత పోస్టర్లు అంటించారట. డాన్సుచేసే పిల్ల ఇతన్ని చూసి చేతులు వెనక్కి పెట్టుకుందట.

"వాళ్ళు పాట ఆపేది నీ మీద మర్యాదతోనేమో," అంది భార్య, బట్టలు మడతపెడుతూ.

"మర్యాదా? నా పెళ్ళిలో మీ తమ్ముడు కూడా మర్యాదగానే నా కొత్త చెప్పులేసుకుపోయాడు."

"ఇన్నేళ్ళయినా ఆ చెప్పులు వదలవు! మాస్టారూ, మీరైనా చెప్పండి."

నాకు తోచింది చెప్పాను. ఏటి పుట్టుకా, శూరుడి పుట్టుకా అడగకూడదంటారు పెద్దలు. వినకుండా నేను కొన్ని నదుల మొదళ్ళు వెతుక్కుంటూ పోయాను. ఎక్కడికి వెళ్ళినా కాస్త బురద, నాలుగైదు ఊటలు, ఏది అసలు ఊటో ప్రమాణం చేసి చెప్పే మనుషులు. ఏ ఇద్దరూ ఒకే ఊటను చూపించలేదు. ఇదంతా చెబితే బొంగరం అన్నాడు: "మీ కబుర్లు తర్వాత. రేపు నాతో రండి. చదువుకున్నవారు, వాళ్ళేం దాస్తున్నారో కనిపెట్టండి."

నేల అతుకు దగ్గర టేపు లేచిందని వంక. వెళ్ళేసరికి రిహార్సల్ గది తలుపు వేసుంది. లోపల డ్రమ్ములు. పోస్టరు చిరిగిన చోట కన్ను పెట్టి చూశాడు. నన్ను లాగి చూపించాడు. ఆ పిల్ల గానుగ తిరుగుతోంది. చెయ్యి పొట్ట పక్కన. అసలు గానుగ!

బొంగరం నావైపు తిరిగాడు. "మాస్టారూ, చెయ్యి ఎక్కడ పెట్టాలో నా భార్యకు కూడా చెప్పలేదు. మీకే చెప్పాను."

అతని అనుమానం ఇప్పుడు నా మీదే. అతను తలుపు తోసుకుని లోపలికి పోయాడు. పాట ఆగింది.

"ఎవరు చెప్పారమ్మా నీకు, చెయ్యి అక్కడ పెట్టమని?"

పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుంది. డైరెక్టరమ్మ ఏదో అనబోయింది.

"మీరాగండి, పిల్లని చెప్పనివ్వండి."

"ఎవరూ చెప్పలేదు అంకుల్," అంది ఆ పిల్ల, ఏడుపు దిగమింగుతూ. "మీరు చెప్పినట్టే చేశా. ప్రతిసారీ పడ్డా. ఇదిగో చూడండి." చెయ్యి ముందుకు పెట్టింది. మణికట్టు వాచి, కట్టు కట్టి ఉంది. "నొప్పికి చెయ్యి చాపలేక దగ్గరికి లాక్కున్నా. తిరిగేసింది. మీరు నేర్పింది పాడుచేశానని తిడతారేమోనని తలుపేసుకున్నాం. మీరు చూడకుండా మళ్ళీ మీ పద్ధతిలోకి రావాలని చూస్తున్నా. రావట్లేదు."

బొంగరం ఆ మణికట్టు వైపే చూస్తూ నేల మీద కూలబడ్డాడు.

"నేను నేర్పింది దొంగదమ్మా. నువ్వు చేస్తున్నదే అసలుది. మా అన్నకూ ఇలాగే దొరికింది. రేకుల కప్పు మీంచి జారి మణికట్టు బెణికించుకున్నాడు. చెయ్యి చాపలేక దగ్గరికి లాక్కున్నాడు."

"అయితే మీ దొంగ గానుగకు ఒక చెయ్యి వాచిందన్నమాట," అంది డైరెక్టరమ్మ. గొంతులో కోపం దాగలేదు.

"తప్పే తల్లీ. తిట్టండి." లేవబోతూ, "కానీ పేరు మాత్రం..." అన్నాడు.

ప్రదర్శన నాటి సాయంత్రం మేం ముందు వరసల్లో కూర్చున్నాం. పుట్టుకంతా అయి, కథ మన వీధుల్లోకి వచ్చాక మైకు పట్టుకున్నవాడు అరిచాడు: "గానుగ! బొంగరం వాళ్ళన్నది!" పిల్ల చెయ్యి ఆన్చి లేచింది.

భార్య కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. బొంగరం మాత్రం స్టేజీ చూడ్డంలేదు. జనంలో ఎవడు ఫోను ఎత్తాడా అని మెడ సాచి వెతుకుతున్నాడు. మా ముందు వరసలో ఒకతను ఎత్తనే ఎత్తాడు. బొంగరం ముందుకు వంగి అతని భుజం పట్టుకున్నాడు. గొడవ ఖాయమని నేను లేవబోయాను.

"బాబూ, తీస్తున్నావా?" అన్నాడు. "మొహం కాదు. కొంచెం కిందికి దించు. ఆ చెయ్యి కనబడాలి."