గోబర్ గ్యాస్ తొట్టి తెరిచిన రోజు

2004 ఏప్రిల్, ఆదివారం. ఉన్నవాళ్లు: నేను, నా భార్య, ఆమె తమ్ముడు, అతని భార్య, బావుల్లో పూడిక తీసే ముసలాయన.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలాగే మొదలవుతుంది. సిమెంటు ఫ్యాక్టరీలో లారీల తూకం చూసి రిటైరైనవాణ్ణి. ఎవరెవరు వచ్చారో ముందు రాసుకోనిదే నాకు మిగతాది రాయడం రాదు.

చోటు ఎర్రగుంట్లకు దగ్గరలోని పల్లెలో మా బావమరిది దొడ్డి. గోబర్ గ్యాస్ తొట్టి అక్కడే ఉంది. చూడ్డానికి చిన్న బావిలా ఉంటుంది, దాని మీద ఇనుప డ్రమ్ము బోర్లించి ఉంటుంది. బర్రెల పేడ నీళ్లలో కలిపి పోస్తే లోపల మురిగి, పుట్టిన గ్యాస్ డ్రమ్ము కింద చేరి, గొట్టం వెంట వంటింటికి పోతుంది. కరువు ఏండ్లలో తాగడానికే నీళ్లు లేక అతను పేడను చిక్కగానే తోసేశాడు. అది అడుగున గట్టిపడింది. పొయ్యి ఆరిపోయింది. అతని భార్య మళ్లీ కంప పుల్లలు ఎగదోసుకుంటూ, ఆ పొగకు దగ్గుతూ వండుతోంది. ఆమె దగ్గు చూడలేకే అతను తొట్టి శుభ్రం చేయిస్తానన్నాడు.

అంతకు ముందు వారం పశువుల శాఖ నుంచి ఒకాయన వచ్చి, పేడ ఎంత దిబ్బకు పోతోంది, ఎంత పిడకలకు, ఎంత తొట్టికి అని అడిగి రాసుకున్నాడు. ఎండిన పేడ నుంచి వచ్చేది తక్కువేననీ, గాలి తగలకుండా నీళ్లలో మురిగే పేడ నుంచే గ్యాస్ ఎక్కువ పుడుతుందనీ, దాన్ని పొయ్యిలో కాల్చకుండా పైకి వదిలేస్తే భూమి వేడెక్కుతుందనీ చెప్పాడు. మా బావమరిది నవ్వాడు.

"అయితే కడప ఎండలకు మా ఎనుములే కారణమంటావా సార్?"

ఆయనా నవ్వేశాడు. నాకు మాత్రం ఆయన చెప్పింది లోపల ఉండిపోయింది. ఆదివారం పొద్దున వీధిలోని మగవాళ్లు వచ్చి డ్రమ్మును ఎత్తి పక్కన పెట్టి పోయాక, పలుచటి నీళ్లంతా తోడి పోశాం. అడుగున నల్లటి ముద్ద మిగిలింది. దాని మీద అక్కడొకటి ఇక్కడొకటి బుడగ లేచి పగులుతోంది. తోడిన కొద్దీ ఇంకా లేస్తున్నాయి. ఇన్నాళ్లూ మూత కింద ఉన్నది ఇప్పుడు ఎటు పోతోందా అని నేను పైకి చూశాను. కనబడేది ఏముంది, ఎండ తప్ప.

ముసలాయనకు దిగే సత్తువ లేదు కాబట్టి దిగేది తానేనని మా బావమరిది లుంగీ ఎగగట్టాడు. నిచ్చెన దించారు. మా వైపు పాడుబడ్డ బావిలోకి మనిషి దిగేముందు తాడుకు లాంతరు కట్టి దించడం ఆచారం. దీపం వెలుగుతూ ఉంటే గాలి ఉన్నట్టు, ఆరిపోతే ఎవరూ దిగరు. ఆ లెక్కనే ఎన్ని బావుల్లో దిగారో, ఎందరు ప్రాణాలతో పైకొచ్చారో. ముసలాయన లాంతరుకు తాడు ముడివేసి అగ్గిపెట్టె తీశాడు. అందరం చుట్టూ నిలబడి చూస్తున్నాం. నాకూ అందులో తప్పేమీ తోచలేదు.

వంటింటి గడప మీద నుంచి మా బావమరిది భార్య నా వైపు చూసి అంది, అరవకుండానే:

"అన్నా, నేను రోజూ అగ్గిపుల్ల గీసి అంటించేది ఆ గ్యాసునే కదా. దాంట్లోకి దీపం దించుతాండారేంది?"

ముసలాయన చేయి ఆగిపోయింది. అగ్గిపెట్టె జేబులో పెట్టుకుని, లాంతరు తీసుకుని దొడ్డి అవతల దాకా నడిచి అక్కడ కూర్చున్నాడు.  

దీపం లేకపోతే పోనీ, పొద్దున్నుంచీ గాలి ఆడుతోంది కదా, ఊరికే దిగేస్తానన్నాడు మా బావమరిది. లోపల గాలి ఉందో లేదో తెలిసే దారే లేదని నేను అడ్డం నిలబడ్డాను.

"బావా, లారీ హారన్ కొడితే అదిరిపడేటోనివి నువ్వు. పోయి నీడలో కూర్చోపో."

"కూర్చుంటా. నువ్వూ రా, ఇద్దరం కూర్చుందాం."

దీపం పెట్టి చూడకుండా మనిషిని దించి ఎరగనప్పా అని ముసలాయన దూరం నుంచే అనేసి, తాడు చుట్టుకుని వెళ్లిపోయాడు. నా భార్య తమ్ముడి చేయి పట్టుకుని, పొడుగు కట్టెలకు పారలు కట్టి పైనుంచే తోడమంది. అతను ఔననలేదు, కాదనలేదు. మొహం గంటు పెట్టుకుని బర్రెలకు చొప్ప వేయడానికి పోయాడు.

ఆ జవాబు ఇవ్వకపోవడమే నన్ను పట్టుకుంది. అతను పట్టిన పట్టు విడవడు. తెల్లవారుజామున పాలు పిండడానికి అందరికన్నా ముందు లేచేది అతనే. ఆ వేళ దొడ్డిలో మరో మనిషి ఉండడు. ఆ రాత్రికి నేనూ నా భార్యా అక్కడే ఆగిపోయాం. పొద్దుగూకేలోగా నిచ్చెన పైకి లాగి గోడకు ఆనించాను. గోడ మీద నుంచి అది మళ్లీ తొట్టిలోకి రావడానికి ఎంతసేపని నాకు నేనే అనుకున్నాను.

మరునాడు ఇంకా సరిగ్గా తెల్లవారకముందే దొడ్డిలోకి వెళ్లాను. బర్రెలు పాలు పిండక అరుస్తున్నాయి. గోడ దగ్గర నిచ్చెన లేదు. పిలిచాను, పలకలేదు. తొట్టి గట్టున నాపరాయి మీద మోకాళ్లూని లోపలికి వంగాను. నల్లటి ముద్ద, బుడగలు. ఆ చీకట్లో ఇంకేమీ తెలియలేదు. ఇంకా వంగబోయాను.

"ఏం బావా, నన్ను లోపల ఎతుకుతాండావా?"

వెనక మా బావమరిది, నిచ్చెన పొడవునా రెండు పొడుగాటి వెదుళ్లు కట్టి భుజాన మోసుకుంటూ వస్తున్నాడు. పక్క చేను వాళ్ల పందిరి గుంజలకు కట్టినవి, నిచ్చెన ఎక్కి విప్పుకొచ్చాడట.  అతను నా భుజం పట్టి గట్టు మీంచి వెనక్కి లాగాడు.

"నన్ను వద్దని నువ్వు పడేటట్టుండావే. జరుగు, పార కట్టాల."

అతని భార్య పాల చెంబుతో బర్రెల దగ్గరికి పోయింది. మేమిద్దరం వెదురు చివర పార బిగించి, గట్టు బయటే నిలబడి మొదటి ముద్ద పైకి తీశాం.