తొలికాయ

మొన్న టీవీలో యుద్ధం వస్తే జనం ఎలా మసలుకోవాలో చూపిస్తూ సైరన్ మోగించి, లైట్లు ఆర్పేయమన్నారు. మా మనవరాలు లేచి ఇంట్లో లైట్లన్నీ ఆర్పేసి, మన డ్యూటీ అయిపోయింది నాయనమ్మా అని నవ్వింది. ఆ చీకట్లో నాకు ఎనభైల నాటి ఒక మామిడి సీజను గుర్తొచ్చి మనసు బరువెక్కింది.

అప్పటికి నేను నూజివీడుకు కొత్త కోడలిని. మా మావయ్యగారిది మామిడి వ్యాపారం. ఆగిరిపల్లి దారిలో మా తోటను ఆనుకుని, మేము పిన్నిగారని పిలిచే ఒకావిడ తోట ఉండేది. భర్త పోయాడు, ఒక్కగానొక్క కొడుకు సైన్యంలో చేరి సరిహద్దుకు వెళ్లాడు, చాలాకాలంగా కబురు లేదు. ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది, తొలికాయ ఇంటి మగవాడే కోయాలి, అంతవరకూ కూలివాళ్లు కాయలు కోసే, చివర వలసంచి కట్టిన చిక్కపు గెడ ఎత్తకూడదు. కొడుకు వస్తేనే కోత అని ఆవిడ భీష్మించుకు కూర్చున్నారు. వేరే చెయ్యి పడితే వాడిక రాడని మనమే ఒప్పుకున్నట్టని ఆవిడ భయం, ఆ భయాన్ని తీసిపారేసే ధైర్యం మాకెవరికీ లేదు.

ఇంతలో రేడియోలో తుపాను హెచ్చరిక వచ్చింది. ముదిరిన కాయంతా నేలపాలైతే ఆవిడకు ఏడాదంతా గడిచే దారి లేదు. కాయకాయకీ గీచి గీచి బేరమాడే మా మావయ్యగారు సొంత కోత ఆపించి, బాపులపాడు కూలీలను, బజారులో తనతో రోజూ పోట్లాడే వర్తకులను, రిక్షావాళ్లను, చివరికి నన్ను కూడా వెంటేసుకుని ఆవిడ తోటలోకి వెళ్లి, ఆవిడతో అన్నారు:

"ఇది కోత కాదు చెల్లెమ్మా, గాలికెటూ రాలిపోయేవాటిని కాస్త ముందుగా ఏరుకోవడం. ఇంటి ముందు చెట్టు జోలికి ఎవరం వెళ్లం, తొలికాయ మీవాడిదే. అక్కడ వాడు మనకి కాపలా కాస్తుంటే, వాడి తోటకి మనం కాపలా ఉండొద్దా?"

ఆవిడ ఆ చెట్టుకేసి చూసి, లోపలికెళ్లి తన గంపలు తెచ్చి మా ముందు పెట్టారు. చీకటి పడేలోగా తోటంతా కోసేశాం. తర్వాత వచ్చిన తుపాను గాలికి రాలింది ఆ ఒక్క చెట్టు కాయే.

మరుసటి ఏడు పిన్నిగారి కొడుకు వచ్చాడు, కుడిచెయ్యి లేకుండా. తొలికాయ కోయబోతే ఎడమచేతిలో గెడ నిలవక పక్కకు వాలిపోయింది. మా మావయ్యగారు ఒక పక్క, పిన్నిగారు ఒక పక్క వచ్చి పట్టుకున్నారు. కాయ చిక్కంలో పడింది. నేను ఏడుపు ఆపుకోలేకపోయాను.

ఇప్పుడా తోటలు పూత రాకముందే ఎవరెవరికో లీజుకు పోతున్నాయి, కోసేదెవరో కోయించేదెవరో తెలియడం లేదు. మనవరాలు మళ్లీ లైట్లు వేశాక, మన వీధిలో ఎవరి బిడ్డయినా సైన్యంలో ఉన్నాడా అని అడిగాను. తెలియదు నాయనమ్మా అంది. నిజం చెప్పాలంటే, నాకూ తెలియదు.