నేను కాపలా కాసిన ఆటగాడు

మొన్న మా మనవరాలు ఆడి వచ్చి, వరండాలో కూర్చుని మోకాలికి నొప్పి మందు రుద్దుకుంటోంది. కర్పూరం కలిసిన ఆ ఘాటు ముక్కుకు తగలగానే ఏసురత్నం అన్న వచ్చి నా పక్కన కూర్చున్నట్టయింది. అరవైల మొదట్లో నెల్లూరులో ఒక బియ్యం మిల్లుకు బాస్కెట్‌బాల్ జట్టు ఉండేది. యజమానికి ఆటంటే పిచ్చి. బాగా ఆడేవాళ్ళకు మిల్లులో గుమాస్తా పని ఇచ్చేవాడు. చదువు అవగానే నేను అలాగే చేరాను. ఏసురత్నం అన్న కూడా అలాగే వచ్చాడు. కాకపోతే అప్పటికే ఆయన తల నెరుస్తోంది, కుడి మోకాలు పాడైంది.

ఆయనది ఇందుకూరుపేట. మిషను బడిలో ఆట నేర్చుకుని, దాన్నే నమ్ముకుని ఊళ్ళు తిరిగాడు. బెంగళూరులో కర్మాగారం, సికింద్రాబాదులో వర్క్‌షాపు, కోయంబత్తూరులో నూలుమిల్లు. అన్నిచోట్లా పేరుకు ఉద్యోగి, పనికి ఆటగాడు. ఎక్కడా గట్టిగా నిలవలేదు. అంత పొడగరిని, అంత నేర్పరిని ఇన్ని జట్లు ఎందుకు వదులుకున్నాయని మా అందరికీ అనుమానం. కోయంబత్తూరులో ఆట అమ్ముకున్నాడట అని ఎవరో చెప్పాక ఆ అనుమానానికి కాళ్ళొచ్చాయి. మా కెప్టెన్ ఖాదర్, బట్టల వ్యాపారి కొడుకు, ఆయన బంతి వదిలేసిన ప్రతిసారీ నా చెవిలో గొణిగేవాడు. “చెయ్యి జారిందా, జార్చినాడా? మనకెట్ట తెలుస్తాది?”

ఆయన మాత్రం మమ్మల్ని నమ్మాడా? ఎవరైనా టీ తాగిస్తానంటే ఎందుకని అడిగేవాడు. అయినా సాయంత్రాలు, వడ్లు ఎండబోసే సిమెంటు కళ్ళంలో, ఓపిగ్గా నాకు ఆట నేర్పాడు. “ఎదుటోడి కళ్ళు చూడబాక. కళ్ళు అబద్ధం చెప్తాయి. నడుం చూడు. నడుం ఎటు పోతే మనిషి అటే పోతాడు.”

ఆ ఏడు నాయుడుపేట పోటీల్లో మేము ఫైనల్‌కు వచ్చాం. ఎదురు జట్టు మద్రాసు వాళ్ళది. ఆట రోజు పొద్దున ఆ జట్టు మనిషి ఒకడు మా సత్రానికి వచ్చి, ఏసురత్నం అన్నను కావలించుకుని, ఓ మూలకు తీసుకుపోయి తమిళంలో గుసగుసలాడాడు. ఖాదర్ చూశాడు. నేనూ చూశాను. వెళ్ళి ఎదురుగానే అడిగాను.

“ఎవరన్నా ఆయన?”

అన్న మోకాలికి మందు రుద్దుకుంటూ తల ఎత్తలేదు. “పాత స్నేహితుడు. వాళ్ళ జట్టులో చోటుంది, వస్తావా అని అడిగినాడు. రానన్నా. నమ్ముతావా?”

నా చూపు ఆ మనిషి వెళ్ళిన దారి మీదికి పోయింది.

“నమ్మబాక. కోయంబత్తూరులో నేను నిజంగానే కావాలని ఓడినా. ఎదుటి మిల్లోళ్ళతో మా మేనేజరుకు ఏదో మాటుండింది. ఓడకపోతే పని పోతాదన్నాడు. ఓడినా. నెల తిరక్కుండా ఆయనే నన్ను పంపేసినాడు. అమ్ముడుపొయ్యేవాణ్ణి జట్టులో ఎట్ట పెట్టుకునేదని!” మందు డబ్బా మూత బిగించి నావైపు చూశాడు. “ఈ రోజు నువ్వు నన్ను చూస్తా ఉండు. ఆట వదిలేస్తున్నా అనిపిస్తే ఖాదరుకు చెప్పి దించేయించు.”

“నేనెందుకన్నా?”

“నువ్వు నా ముందర అడిగినావు. మిగతావాళ్ళు నా వెనకాల అడుగుతారు.”

తనకు తానే కాపలా పెట్టుకున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఇది కూడా ఎత్తేమో అనిపించింది. ఖాదర్‌కు సంగతి చెప్పాను. ఆటంతా నా కళ్ళు ఆయన నడుం మీదే ఉన్నాయి. బంతి కోసం ఆయన కింద పడ్డాడు, లేచాడు, మళ్ళీ పడ్డాడు. ఆట ముగింపుకు వస్తుండగా ఆయన చేతిలోంచి ఒక బంతి జారింది. ఖాదర్ నావైపు తిరిగి, దించనా అన్నట్టు సైగ చేశాడు. నేను వద్దని తల ఊపాను. అప్పటికి మేము ఒక్క పాయింటు వెనక ఉన్నాం. చివరి క్షణాల్లో ఎదుటివాడు ఆయన్ను తోసేశాడు. రెండు ఫ్రీ త్రోలు. ఎవరూ అడ్డురారు, నిలబడి బుట్టలో వేయడమే. మొదటిది అంచుకు తగిలి బయటపడింది. రెండోదీ అంతే.

మర్నాడు యజమాని నన్ను పిలిచాడు. “అమ్ముకున్నాడా, లేదా?”

“లేదండీ. ఆటంతా ఆయన్నే చూస్తానే ఉన్నా. మోకాలు నిలబడలేదు.”

“అది నీకెట్ట తెలుసు?”

ఆ సాయంత్రమే అన్నను పనిలోంచి తీసేశారు. వెళ్తూ నా భుజం మీద చెయ్యి వేశాడు, అంతే.

మరుసటి ఏడు మద్రాసు జట్టు నెల్లూరు వచ్చింది. బస్సులోంచి ఆ జట్టు చొక్కాతో ఏసురత్నం అన్న దిగాడు. “చూసినావా నీ సాక్ష్యం!” అన్నాడు ఖాదర్. విరామంలో నీళ్ళ కుండ దగ్గర ఆయన్ను పట్టుకున్నాను.

“అన్నా, నిజం చెప్పు. ఆ రోజు...”

“మీ మిల్లోళ్ళు పంపేసినాకే నేను మద్రాసు పోయినా. చెప్తే నమ్ముతావా?” అన్నాడు. కోపం లేదు, అలసట ఉంది. “ఆ రోజు నన్ను చూసింది నువ్వే గదా. ఏం కనపడింది నీకు?”

“గట్టిగా ఆడినావు.”

“మరి ఈ చొక్కా చూసి ఆ మాట మార్చుకుంటావా?”

కుంటుకుంటూ తన జట్టు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆయన్ను నేను చూడలేదు.

తర్వాత చాలా ఏళ్ళు ఆటలకు రిఫరీగా ఉన్నాను. ఫలానా మనిషిని నమ్మొచ్చా అని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. నేను చూసినంత వరకే చెబుతాను. నాకు అనుమానాలు లేవని కాదు. ఆ రెండు బంతులూ అంచుకు తగలడం ఇప్పటికీ నా కళ్ళ ముందు ఆడుతుంది. అనుమానాన్ని రానిస్తాను, కూర్చోనిస్తాను. దానిచేత సాక్ష్యం మాత్రం చెప్పించను.