కుర్చీ మీది ఎర్ర చుక్క

దెయ్యాలంటే నాకు నవ్వొస్తుంది. మా నాయనమ్మ దిష్టి తీసి మిరపకాయలు నిప్పుల్లో వేస్తే ఘాటుకు దగ్గేదాన్నే తప్ప ఏనాడూ భయపడలేదు. ఇప్పటికీ నమ్మను. అయినా ఇది జరిగింది.

నేను నేరేడ్‌మెట్‌లో ఉంటాను, స్క్రీన్ ప్రింట్లు వేస్తాను. కాప్రాలో ఉండే గ్రేస్ కాలేజీనాటి స్నేహితురాలు. తనదీ ఇదే పని. మా ఇద్దరికీ ఒక నియమం ఉంది. బొమ్మనీ మాటల్నీ మేం ఎంచుకోం. ఇల్లు దాటాక మొదట కంటబడ్డ కాగితంలోని మాటలు, ఆ తర్వాత కంటబడ్డ కాగితంలోని బొమ్మ కలిపి అచ్చు వేయాలి.

అదృష్టం మాత్రం ఎప్పుడూ గ్రేస్‌దే. నాకేమో మొలల మందు ప్రకటనలు దొరుకుతాయి. తన ప్రింట్ల ముందు జనం ఆగిపోతారు. నాకు కుళ్లు, దాచడం ఎందుకు? తను ఫోన్‌లో కొత్త ప్రింట్ చూపించినప్పుడల్లా బాగుందంటూనే కడుపు మండిపోయేది.

సికింద్రాబాద్‌లో ఒక ప్రదర్శన. కొత్తవాళ్లకు ఒక్కటే చోటు. ఈసారి గ్రేస్‌కు ఏమీ చూపించలేదు. నాకు స్తంభం మీద ట్యూషన్ కాగితం కనబడింది: "ఇంటికి వచ్చి చెప్పబడును." ఆ తర్వాత ఫర్నిచర్ కరపత్రంలో ఒక ఖాళీ కుర్చీ. ఇన్నాళ్లకు నా పంట పండిందనుకున్నాను.

కుర్చీకి నలుపు, మాటలకు ఎరుపు, రంగుకో స్క్రీన్. స్క్రీన్ అంటే చట్రానికి బిగించిన పల్చటి వలగుడ్డ, రంగు దిగకూడని చోటల్లా దానికి పూత ఉంటుంది. వేసేముందు స్క్రీన్‌ని వెలుతురుకు పట్టి, పూతలో సూదిమొనంత బెజ్జాలుంటే మూసేయాలి. లేకపోతే రంగు దిగుతుంది. ఆత్రంలో నేను చూడలేదు. కుర్చీ సీటు మీద ఎడమవైపు ఎర్ర చుక్క పడింది. గడువు దాటుతోందని దాన్నే ఇచ్చేశాను.

ఎంపిక చేసే మేడం మా ఇద్దర్నీ పిలిచి, నా ప్రింట్‌నీ గ్రేస్ ఇచ్చినదాన్నీ పక్కపక్కన పెట్టారు. అవే మాటలు, అదే కుర్చీ.

"ఏందే, నన్ను చూసి కాపీ కొట్టినవా?" అని నవ్వింది గ్రేస్.

ఒకే కరపత్రం రెండు చోట్లా దొరకొచ్చు, ఒప్పుకుంటాను. కానీ తన కుర్చీ మీదా ఎర్ర చుక్క ఉంది. ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీకి పట్టాం. చుక్క మీద చుక్క కూర్చుంది. నా ప్రింటేమో మేడంకు ఇచ్చేదాకా నా గది దాటలేదు.

అప్పుడే ఆటోలో తన ఇంటికి వెళ్లాం. ఎర్ర రంగు స్క్రీన్ తీసి ఎండకు పట్టాను. గ్రేస్ పని శుభ్రం. ఆ చోట పూత గట్టిగా ఉంది, బెజ్జమే లేదు.

గ్రేస్ నవ్వు ఆగిపోయింది. "నేనైతే పెట్టలే. ఏడికెళ్లి వచ్చిందో నాకు సుత తెల్వదు" అంది.

మేడం గ్రేస్ ప్రింట్‌నే తీసుకున్నారు. ప్రదర్శనకు వెళ్లాను. వచ్చినవాళ్లు కుర్చీ మీది చుక్కని వేలితో చూపిస్తూ, ప్రాణమంతా అక్కడే ఉందంటున్నారు. గ్రేస్ తల దించుకుని నిలబడింది.

అది అక్కడికెలా చేరిందో నాకు ఈనాటికీ తెలియదు. నాదని మాత్రం తెలుసు.