ఈకలు ఎక్కువైన చైనా పిట్ట

నా చిన్నప్పుడు, ప్రత్యేక తెలంగాణ ఉద్యమం మొదటిసారి రగిలిన యేడు, మా బడికి తాళం పడింది. తర్వాత తీశారు గానీ నేను మళ్లీ లోపలికి పోలేదు. ఉద్యమానికి నేనిచ్చింది నా చదువే అని ఇప్పటికీ చెప్పుకుంటాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి వెనక గదిలో బందరు నుంచి వచ్చిన అక్క, ఆమె భర్త కిరాయికి ఉండేవారు. అక్క కరిగిన మైనంతో తెల్లగుడ్డ మీద బొమ్మలు గీసి, నీలిమందులో ముంచేది. మైనం ఉన్నచోట రంగు అంటదు. వాళ్ల నాన్న రేవులో ఎవరో ఓడమనిషి దగ్గర తీసుకున్న చైనా కొండజాతి గుడ్డను ముందు పరుచుకుని, దాన్ని చూస్తూ ఇంకో గుడ్డ మీద గీస్తూ ఉండేది అప్పుడు. అందులో చేప ఒళ్లున్న పిట్ట, నడుమ పెద్ద సీతాకోకచిలుక. ఆ సీతాకోక గుడ్లలోంచే మనిషి, పులి, పాము, బర్రె అన్నీ పుట్టాయని ఆ కొండవాళ్ల నమ్మకమట.

"అయితే మా బర్రె నాకు అక్కనా?" అన్నాను.

"పోలికలు తెలీట్లా?" అంది.

గొడవలకు భయపడి అక్క భర్త సామాను సర్దేశాడు. "జర ఆగు బిడ్డా, అంతా సల్లవడుతది" అని మా నానమ్మ బతిమాలినా, ఈ గుడ్డ పూర్తి కాగానే బయల్దేరతామంది అక్క. ఆ మాట నేను పట్టుకున్నాను. పిట్టను నేను గీస్తానని కూర్చుని, పొద్దంతా ఈక మీద ఈక పెట్టాను. ఈకలకు చోటు లేకపోతే పొలుసులు, తోక పొడుగు చేసి మళ్లీ ఈకలు.

సాయంత్రం అక్క వచ్చి చూసింది. "చాల్లే పిల్లా, ఇంకా పెడితే ఎగరలేదు" అంటూ, గుడ్డను నా కళ్లముందే రెండు చేతులతో ముద్దలా నలిపేసింది. మైనం పటపటా పగిలింది.

"గిట్ల నలిపినవేందక్కా?"

ఏడుస్తూనే లోపల చిన్న ఆశ. గుడ్డ పాడైంది, మళ్లీ మొదట్నుంచి గీయాలి, ఇంక వీళ్లు పోరు.

అక్క దాన్ని నీలిమందులో ముంచి ఆరేసింది. పొద్దున మరిగే నీళ్లలో వేస్తే మైనం కరిగి పైకి తేలింది. నీలంలోంచి నా పిట్ట తెల్లగా బయటికొచ్చింది. పగిలినచోటల్లా రంగు దిగి, ఒంటినిండా సన్నని నరాలు, ప్రాణమున్నట్టే. నలపడం పాడుచేయడం కాదట, పనిలో భాగమట. అంటే గుడ్డ పూర్తయింది. నేను రెండోసారి బిత్తరపోయాను.

మధ్యాహ్నానికల్లా వాళ్లు వెళ్లిపోయారు. గుడ్డ మాత్రం మా దండెం మీదే ఉంది.

ఇప్పటికీ ఏదైనా నలిగితే పాడైందని వెంటనే ఏడవను, నీళ్లు మరిగేదాకా ఆగుతాను. ఆ పిట్ట నా పెట్టెలోంచి ఇంతవరకూ ఎగరలేదు. ఈకలు నిజంగానే ఎక్కువయ్యాయి.